ఏడు వారాల కోడిపిల్లలు కర్ర ఎక్కడం లేదు, మూలన కుప్పగా పడుకుంటున్నాయి

తిరుచానూరు_పెరడు
నవంబరు 14, రాత్రి 9:20

అందరికీ నమస్తే. మాది తిరుచానూరు పక్కన. ఇంటి వెనక మూడు సెంట్ల ఖాళీ జాగా ఉంటే సెప్టెంబరు చివర్లో గ్రామప్రియ రకం కోడిపిల్లలు 25 తెచ్చాం, అప్పటికి ఒక్కరోజు వయసు వాటికి. కోళ్ళు పెంచడం మాకు ఇదే మొదటిసారి. బ్రూడర్‌లో, అంటే బల్బు వేడితో పిల్లలను వెచ్చగా ఉంచే చోట, రెండు పోయాయి, అది మామూలే అన్నారు అందరూ, మిగతా 23 బాగానే పెరిగాయి. నాలుగు వారాలు దాటాక పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న రేకుల షెడ్డులోకి మార్చాం. చుట్టూ మెష్, సిమెంటు నేల, దాని మీద చెనిక్కాయ పొట్టు.

రాత్రి పడుకోడానికని మా ఆయన ప్లంబింగ్ పనిలో మిగిలిన అంగుళం పీవీసీ పైపులు రెండు, నేలకు మూడడుగుల ఎత్తున కట్టారు. రెండు వారాలైంది, ఒక్కటంటే ఒక్కటి కూడా అటువైపు తలెత్తి చూడలేదు. పొద్దుగూకగానే అన్నీ ఎడమ పక్క మూలకు పోయి ఒకదాని మీద ఒకటెక్కి కుప్పగా పడుకుంటాయి. మొన్న పొద్దున తలుపు తీస్తే అట్టడుగున ఉన్నది అప్పడంలా అణిగిపోయి ఉంది. మా పాప ఆరోజు బడికి కూడా పోలేదు.

మా అత్తమ్మేమో "చేపపిల్లకి ఈత నేర్పుతారా ఎవరైనా, వయసొస్తే అవే ఎక్కుతాయి" అంటుంది. నాకేమో టెన్షన్, ఇంకోటి పోతుందేమోనని రాత్రి పదకొండుకి ఒకసారి, రెండుకి ఒకసారి టార్చ్ వేసుకుని పోయి కుప్పను చెదరగొట్టి వస్తున్నాను, నేను ఇంట్లోకి వచ్చేలోపే మళ్ళీ కుప్ప. చేత్తో ఎత్తి పైపు మీద కూర్చోబెట్టాలా? ఒకరోజు చేశాను, పెట్టింది పెట్టినట్టే దూకేసింది. లేక నేర్చుకునే వయసు దాటిపోయిందా? దయచేసి చెప్పండి.

పీలేరు_నాటుకోళ్ళు
నవంబరు 14, రాత్రి 10:05

అక్కా, వయసేం దాటలేదు. ముందు ఆ పైపులు తీసెయ్యండి. నున్నటి పైపు మీద కోడి వేళ్ళకు పట్టు దొరకదు, ఉట్లమాను ఎక్కేవాడు జారినట్టు జారుతుంది. పైగా మూడడుగులు. పెద్ద కోడికి అదొక లెక్క కాదు కానీ ఎక్కడమే తెలీని ఏడు వారాల పిల్లకు మూడడుగులంటే మిద్దె ఎక్కడమే.

మీ అత్తమ్మ చెప్పింది సగం నిజం. ఎక్కి పడుకునే గుణం వాటికి పుట్టుకతోనే ఉంటుంది, మా తలకోన అడవిలో అడవికోళ్ళు రాత్రయితే చెట్ల మీదే కదా ఉండేది. కానీ నాటు పెట్ట పొదిగిన పిల్లలైతే తల్లి ఎక్కడికెక్కితే అక్కడికెక్కుతాయి. మీవి మెషీన్లో పుట్టినవి, చూసి నేర్చుకోడానికి వాటికి ఎవరున్నారు చెప్పండి.

నేను చేసేది చెప్తా. రెండో వారం దాటగానే బ్రూడర్‌లోనే బొటనవేలి లావు కొమ్మను రెండు ఇటుకల మీద పెడతా, నేల నుంచి నాలుగైదు అంగుళాలే ఎత్తు. మొదట దాన్ని చూసి పారిపోతాయి, తర్వాత రోజు ముక్కుతో పొడిచి చూస్తాయి, మూడోరోజుకి ఏదో ఒక పోకిరిది ఎక్కి నిలబడుతుంది, ఇక దాన్ని దించి ఇంకోటి ఎక్కాలని తోపులాట. ఇదంతా పగటి ఆటే. రాత్రి దాని మీద పడుకోవడానికి ఆరు నుంచి పది వారాల వయసు రావాలి, కాబట్టి మీవి వెనకబడిపోయాయని అనుకోవద్దు.

ఇప్పుడు మీకు కావలసింది జామ కొమ్మో వేప కొమ్మో. బెరడు తీయకండి, కణుపులు మాత్రం చెక్కెయ్యండి. లావు అంగుళం నుంచి అంగుళమున్నర ఇప్పటికి చాలు, గుడ్లకొచ్చే సమయానికి రెండంగుళాలవి మార్చుకోవచ్చు. పలక కర్రయితే అంచులు గుండ్రంగా చెక్కాలి. వెదురు కూడా నున్ననే, అదే ఉందంటే గోనెసంచి పీలికలు చుట్టండి. మొదటి కర్ర అడుగు ఎత్తు లోపే ఉండాలి, రెండోది దానికి అడుగు వెనక అడుగు పైన, మూడోది ఇంకో అడుగు వెనక, ఇంకో అడుగు పైన, అంటే గోడకు నిచ్చెన ఏటవాలుగా ఆనించినట్టు. నిలువుగా ఒకదాని మీద ఒకటి కట్టారంటే పైవన్నీ కిందివాటి నెత్తిన రెట్ట వేస్తాయి. గోడకీ చివరి కర్రకీ మధ్య అడుగు ఖాళీ వదలండి, లేకపోతే తోకలు రాసుకుంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, కర్ర కదలకూడదు, తిరగకూడదు. ఒక్కసారి కాలికింద ఊగిందంటే మళ్ళీ వారం దాకా దాని దగ్గరికి రావు. ఇది నా మొదటి బ్యాచ్‌లో అనుభవం, తాడుతో ఉయ్యాలలా వేలాడదీశాను, నాకు నేనే ఇంజనీరు అనుకున్నా.

చేత్తో పెట్టడం మంచిదే కానీ పగలూ వద్దు, టార్చ్ వెలుగులోనూ వద్దు. చీకటి పడ్డాక కోడికి చూపు ఆనదు. అవి మూలకు చేరి అరగంటయ్యాక చప్పుడు చేయకుండా పోయి, రెక్కలతో సహా రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు కర్రకు తగిలేలా పెట్టి, వేళ్ళు బిగించేదాకా వదలకండి. కింద ఏముందో కనపడదు కాబట్టి దూకడానికి భయపడి అక్కడే ఉంటుంది. మీది దూకేసిందంటే వెలుగుండబట్టే. రోజూ ఒకే వేళకు, వారం పది రోజులు. అన్నిటికీ నేర్పక్కర్లేదు, పెద్దరికం చేసే నాలుగైదు ఎక్కడం మొదలుపెడితే మిగతావి వాటి వెనకే.

ఐరాల_రైతుబిడ్డ
నవంబరు 15, ఉదయం 6:40

కోళ్ళకు కూడా ట్యూషన్ పెట్టే కాలం వచ్చింది 😀 మా తాత కాలం నుంచి సాయంత్రమైతే గంప కింద మూసి పైన రాయి పెట్టడమే. ఏ కోడీ కర్ర అడగలేదు. నేల మీద పడుకున్నంత మాత్రాన చచ్చిపోవు, మీ పిల్ల వేరే ఏదన్నా జబ్బుతో పోయుంటుంది చూసుకోండి.

తిరుచానూరు_పెరడు
నవంబరు 15, ఉదయం 7:15

అన్నా, గంప కింద ఎనిమిదో పదో పడతాయేమో, ఇరవై రెండుకి మూడు గంపలు కావాలి. మా అత్తమ్మ కూడా ఇదే అంది. కానీ ఈ వానలకు జల్లు మెష్‌లోంచి లోపలికి కొట్టి పొట్టు తడిసిపోతోంది, వారంలో రెండుసార్లు మార్చాను. ఆ తడిలో పడుకోబెట్టడం ఇష్టం లేకే కర్ర అడుగుతున్నా.

రేణిగుంట_పశువైద్యం
నవంబరు 15, ఉదయం 8:30

నేను పశువుల ఆసుపత్రిలో పనిచేస్తాను. ఐరాల తమ్ముడు వెటకారంగా అన్నా జబ్బు సంగతి అడగాల్సిందే. సలహా ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు. ఒకటి, రెట్టలో ఎరుపు గానీ కాఫీ రంగు గానీ కనిపిస్తోందా? రెండు, షెడ్డులో రాత్రి లైటు ఉందా, ఉంటే ఎక్కడ? మూడు, రెక్కలేమైనా కత్తిరించారా?

తిరుచానూరు_పెరడు
నవంబరు 15, ఉదయం 11:50

సార్, రెట్ట మామూలుగానే ఉంది, ఎరుపు లేదు. మేత బాగానే తింటున్నాయి. లైటు ఉంది, బ్రూడర్‌లో వాడిన 60 వాట్ల బల్బే, వానలకు చలేస్తుందని ఎడమ మూలన కిందికి వేలాడదీశాం, రాత్రంతా వెలుగుతుంది. రెక్కలు ఐదింటికి కత్తిరించాం, గోడ దూకి పక్కింటి వాళ్ళ మల్లెచెట్లు గీకేస్తున్నాయని గొడవైంది, అందుకని కుడి రెక్క ఒక్కటే కత్తిరించాం. ఒకవైపే కత్తిరించాలని ఎవరో చెప్పారు.

రేణిగుంట_పశువైద్యం
నవంబరు 15, మధ్యాహ్నం 2:10

ఎడమ మూలన బల్బు, ఎడమ మూలనే కుప్ప. ఇది మీరే రాశారమ్మా, గమనించలేదు అంతే.

మొదటి వారం పిల్లలకు 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి కావాలి, తర్వాత వారానికి ఐదేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. ఐదారు వారాలకు ఒంటినిండా ఈకలు వచ్చేస్తాయి, ఇక మన తిరుపతి నవంబరు చలికి బల్బు అక్కర్లేదు, గాలీ జల్లూ నేరుగా కొట్టకుండా ఆ వైపు పట్టా దించితే చాలు. ఇప్పుడు మీ బల్బు చేసేదల్లా వాటిని కింద మూలకు పిలవడమే. కోడి కర్రెక్కేది వెలుగు మెల్లగా తగ్గుతున్నప్పుడు. ఇప్పుడు అయిదూ ముప్పావుకే పొద్దు గూకుతోంది, ఆ ఇరవై ముప్పై నిమిషాల మసక వెలుగులోనే అవి చోటు వెతుక్కుంటాయి. షెడ్డంతా చీకటై ఒక్క మూల మాత్రం వెలుగుతుంటే పాపం అన్నీ అటే పోతాయి, వెచ్చగా కూడా ఉంటుంది, ఇక పైకెందుకు ఎక్కుతాయి.

అలాగని ఈ రాత్రికే టక్కున ఆర్పేయకండి. ఏడు వారాలు వెలుగులో పడుకున్నవి, ఒక్కసారి చీకటయితే బెదిరి ఇంకా గట్టిగా గుంపు కడతాయి, అప్పుడు ఒకటి కాదు నాలుగు పోతాయి. 60 వాట్లది తీసి చిన్న జీరో బల్బు పెట్టండి, మూలన కాదు, కర్రల వైపు, కర్రల కన్నా పైన. పొద్దుగూకాక ఒక గంట ఉంచి ఆర్పండి, రెండు రోజులకోసారి పావుగంట తగ్గించండి, వారానికల్లా అక్కర్లేకుండా పోతుంది. ఆ ఎడమ మూలను కూడా మూలలా లేకుండా చెయ్యండి, పాత అట్టపెట్టె విప్పి గుండ్రంగా వంచి అడ్డం పెట్టినా సరే, ఇటుకలు పేర్చినా సరే. ఇరుకు మూల దొరక్కపోతే అంత గట్టిగా కుప్ప పడలేవు.

రెక్క కత్తిరించిన ఐదింటినీ పై కర్ర మీద పెట్టొద్దు. ఒకవైపు ఈకలే ఉంటే దిగేటప్పుడు పక్కకు ఒరిగి పడతాయి. అసలు కోళ్ళకు ఎక్కడం కన్నా దిగడమే కష్టం, దెబ్బలు తగిలేది అప్పుడే. పాదం కింద వాచి గడ్డ కడితే నెలల తరబడి కుంటుతుంది. వాటికి కింది కర్ర చాలు, ఎదిగే వయసే కాబట్టి పాత ఈకలు రాలి కొత్తవి వస్తాయి, అప్పుడు అవే పైకి పోతాయి. కర్రల కింద సిమెంటు కాబట్టి అక్కడ పొట్టు మూడు నాలుగు అంగుళాల మందం ఉండాలి.

కర్ర లావు గురించి పీలేరు వారు చెప్పింది నిజం, మరీ సన్నగా ఉండకూడదు. ఈ వయసులో రొమ్ము ఎముక ఇంకా మెత్తగా ఉంటుంది, సన్నటి కర్ర మీద బరువంతా ఒకేచోట ఒత్తుకుంటే అది వంకర పోతుంది. మీ గ్రామప్రియ గుడ్ల కోసం చేసిన రకం, తేలిక, అంత భయం లేదు. అదే రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళదే వనరాజ అయితే బరువెక్కువ, దానికి నేనైతే రెండడుగుల పైన కర్రే కట్టనివ్వను.

రెట్ట మీద మాత్రం కన్నేసి ఉంచండి. తడి పొట్టు, ఈ వయసు, ఈ రెండూ కలిస్తే రక్త విరేచనాలు రావడానికి ఎంతోసేపు పట్టదు. కర్రెక్కి పడుకుంటే రాత్రంతా వేసిన రెట్ట ఒక వరుసలో పడుతుంది, ఎత్తిపోయడం తేలిక, పిల్లలు దాంట్లో పొర్లవు. గంపకీ కర్రకీ తేడా అది తమ్ముడూ, పొడి మట్టినేల మీద, తల్లితో ఉన్న పది పిల్లలకు గంప బ్రహ్మాండంగా సరిపోతుంది. ఇంకోటి ఏదైనా పోతే పారేయకండి, తిరుపతి వెటర్నరీ కాలేజీ మీకు దగ్గరే, అదే రోజు తీసుకుపోతే కోసి చూసి కారణం చెప్తారు.

పలమనేరు_పెట్టలు
నవంబరు 15, సాయంత్రం 5:00

అమ్మాయ్, అందరూ బాగా చెప్పారు కానీ పీలేరు అబ్బాయి గోనెసంచి చుట్టమన్నాడే, అది మాత్రం చెయ్యొద్దు. రెండు నెలలు తిరక్కుండానే ఆ మడతల్లో గోమార్లు, నల్లుల్లాంటి చిన్న ఎర్ర పురుగులు కాపురం పెడతాయి. పగలంతా దాంట్లో దాక్కుని రాత్రి కోడి వచ్చి కూర్చోగానే నెత్తురు తాగుతాయి. కోడికి బుద్ధి ఉంటుంది, అలాంటి కర్ర ఎక్కదు, కిందే పడుకుంటుంది, మనం దానికి నేర్పు లేదనుకుంటాం. నాకు పోయినేడు అచ్చం ఇదే జరిగింది, ఆరు నెలలు ఎక్కిన కోళ్ళు ఉన్నట్టుండి మానేశాయి. రాత్రి లైటేసి కర్ర కింద తెల్లగుడ్డతో తుడిచి చూస్తే గుడ్డంతా నెత్తురు చారలు. బెరడు వదులైనా అంతే, కాబట్టి ఆరు నెలలకో ఏడాదికో కొమ్మలు మార్చండి, కర్ర చివర్లు గోడలో దిగే చోట వేపనూనె రాయండి.

ఇంకోటి, ఎక్కడం తెలిసిన నాటు పెట్టను ఒకదాన్ని తెచ్చి వాటితో వదిలితే నాలుగు రోజుల్లో దాన్ని చూసి నేర్చుకుంటాయి. కానీ సంతలో కొన్నదాన్ని తెచ్చి నేరుగా లోపల వేయొద్దు, కొక్కెర తెగులు తెచ్చిందంటే అన్నీ ఊడ్చుకుపోతాయి. మూడు వారాలన్నా వేరే చోట ఉంచాలి. అంతలోపు నీ పిల్లలు ఎలాగూ నేర్చేసుకుంటాయనుకో.

గుడ్ల పెట్టెలు ఇప్పుడే కొనకు. కొన్నా కర్రల కన్నా కింద పెట్టు. కోడికి షెడ్డులో ఎక్కడ ఎత్తుంటే అక్కడే పడక. పెట్టె ఎత్తులో ఉంటే దాంట్లో పడుకుని రెట్ట వేస్తుంది, నువ్వు రోజూ గుడ్లు కడుక్కుంటూ కూర్చోవాలి.

పీలేరు_నాటుకోళ్ళు
నవంబరు 15, సాయంత్రం 6:20

గోనెసంచి మాట వెనక్కి తీసుకుంటున్నా పెద్దమ్మా. మా దగ్గర వెదురుకు కత్తితో అడ్డంగా గాట్లు పెట్టడం కూడా ఉంది, అది చెప్పాల్సింది.

తిరుచానూరు_పెరడు
నవంబరు 27, రాత్రి 8:45

ఆలస్యంగా రాస్తున్నా, ఏమనుకోవద్దు. ఆ ఆదివారమే పక్క వీధిలో జామచెట్టు కొట్టేస్తుంటే అడిగి కొమ్మలు తెచ్చాం. షెడ్డు వెడల్పుకి ఆరడుగులవి మూడు, పీలేరు అన్న చెప్పినట్టే ఏటవాలుగా కట్టాం. మూలకు అట్ట అడ్డం పెట్టాం. జీరో బల్బు కర్రల పైకి మార్చాం.

మొదటి రాత్రి నేనూ మా ఆయనా కలిసి ఇరవై రెండింటినీ ఎక్కించాం, గంట పట్టింది, పదింటికి పోయి చూస్తే తొమ్మిదే మిగిలాయి, మిగతావి దిగి అట్ట పక్కన పడుకున్నాయి. మూడో రాత్రి కూడా అంతే, నాకైతే ఇక వదిలేద్దాం అనిపించింది. ఐదో సాయంత్రం మేత గిన్నె తీయడానికి పోతే ఎర్రగా జుట్టు వస్తున్న పుంజు ఒకటి, దాని వెనక రెండు పెట్టలు, తమంతట తామే కింది కర్ర మీద ఉన్నాయి. నేను ఊపిరి బిగబట్టి తలుపు దగ్గరే నిలబడ్డాను. మర్నాడు ఏడు. బల్బు పూర్తిగా ఆర్పేసిన రోజు రెండు మూడు బెదిరి కిందికి దిగాయి కానీ కుప్ప మాత్రం పడలేదు. ఇప్పుడు పంతొమ్మిది వాటంతట అవే ఎక్కుతున్నాయి. రాత్రి రెండుకి లేవడం మానేశాను, అదే పెద్ద సుఖం. మా అత్తమ్మ మాత్రం "నేను చెప్పలా, వయసొస్తే అవే ఎక్కుతాయని" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తోంది. పీవీసీ పైపులకు ఇప్పుడు చిక్కుడు తీగ పాకించాం.

మిగిలిన మూడింట్లో రెండు రెక్క కత్తిరించినవే, వాటిని రోజూ కింది కర్ర మీద పెడుతున్నా, పొద్దుటి దాకా ఉంటున్నాయి. మూడోది రెక్కలు బాగానే ఉన్న పెట్ట. ఎక్కించినా దిగిపోయి, ఆ పాత బల్బు ఉన్న చోటికే పోయి ఒక్కతే పడుకుంటుంది. దానికేం చెయ్యాలి?

పీలేరు_నాటుకోళ్ళు
నవంబరు 27, రాత్రి 9:30

సంతోషం అక్కా. ఒక్కటే పడుకుంటే నలిగి చచ్చే భయమైతే లేదు, కంగారు పడకండి. రేపు పొద్దుగూకే వేళకు లోపలికి పోకుండా మెష్ బయటి నుంచి ఒక పావుగంట చూడండి. చాలాసార్లు అది రాక కాదు, పక్కన ఉన్నది పొడిచి దించేస్తుంది. ముఖ్యంగా ఆ ఎర్రజుట్టు పుంజు ఎక్కడ కూర్చుంటోందో చూడండి. కోడికి ఏడంగుళాల చొప్పున ఇరవై రెండింటికి పదమూడు అడుగులు చాలు, మీకు పద్దెనిమిది ఉంది, కానీ అన్నీ పై కర్ర కోసమే కొట్టుకుంటాయి. పొడుస్తుంటే అదే ఎత్తులో ఎదురుగోడకు ఇంకో చిన్న కర్ర కట్టి దాన్ని అక్కడ పెట్టి చూడండి. అది కూడా కాకపోతే దాని పొట్ట, కాళ్ళు, రెక్కల కింద పేలున్నాయేమో ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి.

తిరుచానూరు_పెరడు
నవంబరు 28, సాయంత్రం 6:35

చూశానన్నా. పొడిచేది పుంజు కాదు, దాని పక్క పెట్ట. మా ఆయన కర్ర కోస్తున్నారు.